ఈరమ్మ బొట్లు

తిమ్మప్పన్న భార్య ఈరమ్మ తమ అంబాసిడర్ డ్యాష్‌బోర్డు మీద అతికించుకున్న బొట్లన్నీ గీకి పారేసింది నేనే. ఎవరూ చెప్పకుండానే, పైసా అడగకుండానే, ఎంతో శ్రద్ధగా చేశాను ఆ పని. ఈ సంగతి ముందే చెప్పేస్తే నా మనసు కొంచెం తేలికపడుతుంది.

నా పేరు మహబూబ్. గద్వాలలో రాయచూరు రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు. కారులో చెత్త కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అద్దానికి వేలాడే దండలు, మీటరు మీద స్టిక్కర్లు, సీటు మీద బీడీ కాలిన మచ్చలు. వాటికోసం ముందు మనిషిని తిట్టి, ఆ తర్వాతే బానెట్ ఎత్తుతాను. మా జాహెదా అయితే, "నీ షెడ్డుల నేల మీద అన్నం పెట్టుకొని తినొచ్చు. ఇంట్ల మాత్రం చొక్క యాడ ఇడిస్తె ఆడ్నే," అంటుంది.

2009లో అలంపూర్ వరద తీసిన మూడో వారం తిమ్మప్పన్న ఆ కారును లారీకి కట్టి లాక్కొచ్చాడు. డెబ్బై నాలుగు మోడల్. ముప్పై ఏళ్లు దాన్ని కిరాయికి తిప్పి బతికిన మనిషి. మూడు రోజులు నీళ్లలో ఉన్న బండి కదా, తలుపు తీస్తే బురద నా కాళ్ల మీదికి జారింది.

"లోపల వైర్లు గిర్లు ఏమన్న మార్చుకో మహబూబూ. డ్యాష్‌బోర్డు పైన మాత్రం ముట్టకు," అన్నాడు.

ఎందుకో చెప్పలేదు. మార్చిలో ఈరమ్మ పోయిందని తెలుసు. దినాలకు పోలేకపోయిన మొహమాటంతో నేనూ ఏమీ అడగలేదు. వరదకు ఇల్లు కూలింది, పెయింటు ఖర్చుకు జంకుతున్నాడు అనుకున్నాను. పాపం, అదేదో మనమే వేసిద్దాం అనుకున్నాను. నా తెలివి అట్లా తెల్లారింది.

డ్యాష్‌బోర్డు విప్పేటప్పుడు నాకొక పద్ధతి ఉంది. ఒక అట్టముక్క మీద దాని బొమ్మ గీసుకుంటాను. ఏ మూల నుంచి తీసిన స్క్రూను బొమ్మలో ఆ మూలే గుచ్చుతాను. మళ్లీ బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు. ఆ రోజు తీసిన ప్రతి స్క్రూ తలా తుప్పుతో గులాబ్‌జామున్‌లా ఉబ్బి ఉంది. ఎడమ పక్క పై మూల మాత్రం స్క్రూ కనబడలేదు. బురద తుడిస్తే దాని తల మీద ఒక మెరూన్ రంగు బొట్టు. విసుక్కుంటూ గోటితో గీకేశాను. కింద స్క్రూ తళతళలాడుతోంది. ఒక్కటైనా బాగుందిలే అనుకుని అట్టకు గుచ్చాను.

మీటరు తీగ ఊడదీసి, కుళ్లిన వైర్లు కోసి, డ్యాష్‌బోర్డు రేకును బల్ల మీదికి తెచ్చి కడిగాను. అప్పుడు బయటపడ్డాయి మిగతా బొట్లు. ఎడమ పక్కంతా, ఇరవై దాకా, ఒక వరస లేదు, పాడు లేదు. పెట్రోలు గుడ్డతో నానబెట్టి, బ్లేడుతో ఒక్కోటీ లేపేశాను. వాటి కింద గుండ్రటి నీలం మచ్చలు మిగిలాయి. ఎంత రుద్దినా పోవు. చివరికి అర్థమైంది, అవి మచ్చలు కావు, రేకు అసలు రంగు. చుట్టూ ఉన్నదంతా ఎండకు వెలిసిపోతే, బొట్ల కింద మాత్రం కొత్తదానిలా నిలిచింది. సరే, రేపు పెయింటు కొడితే అన్నీ కలిసిపోతాయి అనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను పెయింటు కలుపుతుంటే తిమ్మప్పన్న బస్సు దిగి వచ్చాడు. బల్ల మీద రేకును చూశాడు.

"బొట్లు యాడ పోయినయి?" అన్నాడు.

"తీసేసిన అన్నా. మురికిగ ఉండెనని."

తిమ్మప్పన్న స్టూలు మీద కూలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నేల చూస్తూ మెల్లగా చెప్పాడు.

"మా ఈరమ్మయి. యాడికన్న పోతే, దిగే ముందల పాత బొట్టు తీసి ఆడ అతికిస్తుండె. కొత్తది పెట్టుకొని దిగుతుండె. ఇంట్లున్న సామానంత తుంగభద్రల పాయె. ఫొటో గూడ లేదు. గవి ఉన్నయి గదా అనుకున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. చెత్తకుప్ప దగ్గరికి పరుగెత్తాను. ఆ బొట్లు అంటుకున్న పెట్రోలు గుడ్డలన్నీ రాత్రే తగలబెట్టిన సంగతి అక్కడికి పోయాక గుర్తొచ్చింది. తిరిగొచ్చి, రేకును ఎండలోకి తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను.

"అన్నా, జర ఈడ చూడు. బొట్లు పోయినయి గని జాగలు పోలే."

ఆయన వంగి చూశాడు. ఒక నీలం చుక్క మీద వేలు పెట్టాడు.

"ఇది మల్దకల్ జాతరది," అన్నాడు. వేలు జరిపాడు. "ఇది నాగర్‌కర్నూల్ల మా మరదలు కొడుకు పెండ్లిది. ఇది యాడికి పోయింది గాదు. చీర కొనియ్యలేదని కొట్లాడి, బండ్లకెల్లి దిగనని కూసున్నది. పొద్దుగూకినంక ఇది ఈడ పెట్టి దిగింది." నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

అట్లా అన్నిటి మీదా వేలు పోయింది. చివరికి ఆగి, మళ్లీ మొదటినుంచి వెతకసాగాడు.

"ఆఖరుది లేదు," అన్నాడు. "కర్నూలు దవాఖానకు పోయినప్పటిది. మల్ల ఇంటికి రాలే. అది యాడ పెట్టిందో నేను చూడలే, రోడ్డు చూస్తుంటి."

ఆ బొట్టు పెట్టి ఏడు నెలలే అయింది. దాని చుట్టూ రంగు వెలిసేంత ఎండ ఇంకా తగల్లేదు. అప్పుడు నా గోరు గుర్తొచ్చింది.

లోపలికి పోయి అట్టముక్క తెచ్చాను. ఎడమ పక్క పై మూల స్క్రూ ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"దీని తల మీదుండె అన్నా. గందుకే దీనికొక్కదానికి తుప్పు పట్టలే."

ఆయన పిడికిలి మూశాడు. చాలాసేపు తెరవలేదు.

కలిపిన పెయింటు పక్క షెడ్డువాడికి ఇచ్చేశాను. వైర్లన్నీ మార్చి, రెండు రోజుల తర్వాత రేకును అట్లాగే బండికి ఎక్కించాను. తుప్పు పట్టినవాటి బదులు కొత్త స్క్రూలు వేశాను. ఆ మూలది మాత్రం తిమ్మప్పన్న తనే బిగిస్తానన్నాడు. ఈరమ్మ కూర్చునే సీట్లో కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పాడు.

"చాలన్నా, ఇంక తిప్పితే మర పోతది," అన్నాను.

తిప్పడం ఆపాడు. చేయి మాత్రం అక్కడే ఉంచాడు.