రెండు సీసాల కొలత

యాభై దాటాక అక్కకి పెళ్లి కుదిరింది. నవ్వినవాళ్ల నోళ్లు మూయించి, దగ్గరుండి ఆ పెళ్లి జరిపించింది చెల్లెలే. బావ నెమ్మదస్తుడు. వాళ్లిల్లు రైల్లో ఒక పూట ప్రయాణం. వెళ్తూ వెళ్తూ అక్క తన సైకిలు కూడా పట్టుకెళ్లింది.

ఇరవై ఏళ్లుగా ఆదివారం పొద్దున్నే అక్కచెల్లెళ్లు చెరో సైకిలెక్కి వంతెన దాకా వెళ్లొచ్చేవారు. రెండు నీళ్ల సీసాలు, తువ్వాళ్లు, ఇంటి తాళంచెవి, అన్నీ అక్క సైకిలు బుట్టలోనే. చెల్లెలు ఉత్త సైకిలు మీద దర్జాగా ముందు పోయేది. ఇప్పుడు నీళ్ల సీసా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ వంకతోనే మూడు ఆదివారాలు గుమ్మం దాటలేదు.

నాలుగో ఆదివారం, చిరిగిన మడత కుర్చీ గుడ్డ ఊడదీసి, హ్యాండిల్‌కి తగిలించే సంచి కుడదామని కూర్చుంది. కళ్లజోళ్ల దుకాణంలో ఆవగింజంత మరలు బిగించే చేతులవి. కానీ అక్క వదిలి వెళ్లిన కుట్టుమిషను జోలికి ఎన్నడూ పోలేదు. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, గుడ్డ అడుగున దారమంతా పిచ్చుకగూడైంది. అక్కకి ఫోన్ చేసింది.

"బాబిన్ ఎటు తిప్పి పెట్టాలక్కా?"

"దారం కొస పైకి లాగి పెట్టుకోవాలే. ఇంతకీ ఏం కుడుతున్నావు?"

"సైకిలుకి సంచి."

"నువ్వా! గుండీ ఊడితే పిన్నీసుతో ఏడాది గడిపేసేదానివి!" అక్క పకపకా నవ్వింది. అంతలో అవతల ఎవరో పిలిచారు. "ఉండవే, మళ్లీ చేస్తా."

మళ్లీ చేయలేదు.

గుడ్డ నాలుగు మడతలయ్యేసరికి సూది పుటుక్కుమంది. రెండోదీ అంతే. ఉన్నది ఇంకొక్కటే. కాళ్లు పక్కకి తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేసింది. పాత బెల్టు రెండు ముక్కలు చేసి పట్టీలు పెట్టింది.

తీరా తగిలించి చూస్తే బ్రేకు పడటం లేదు. సంచి మరీ వెడల్పై, తీగల్ని రెండువైపులా నొక్కేస్తోంది. కొలత ఎక్కడ తప్పిందా అని టేపు పెట్టింది. తప్పలేదు. పొద్దున రెండు సీసాలు పక్కపక్కన నిలబెట్టి కొలిచింది తనే.

బ్లేడుతో విప్పితే, అంత కష్టపడి వేసిన కుట్టు సర్రున ఊడొచ్చింది. అప్పుడొచ్చింది ఏడుపు. అప్పగింతల్లో రానిది, రైలు కదిలినప్పుడు రానిది. కళ్లు తుడుచుకుని, ఒక్క సీసాకి సరిపడా కత్తిరించి మళ్లీ కుట్టింది.

మరుసటి ఆదివారం వంతెన చేరాక ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే?"

"వంతెన మీద. నువ్వు సైకిలు తీశావా?"

"ఇక్కడన్నీ ఎత్తు రోడ్లు. గోడకి తగిలించేశాం. ఎండెక్కకముందే వెనక్కి వచ్చెయ్."

"సరే"నంది కానీ వెనక్కి తిరగలేదు. అక్క మోకాళ్ల నొప్పుల వల్ల ఎప్పుడూ అక్కడి నుంచే వెనక్కి తిరిగేవారు. అవతల రోడ్డెలా ఉంటుందో చెల్లెలు ఎరగదు. దిగుడులో బ్రేకు చక్కగా పడింది. పొలిమేర గోదాములు దాటి, ఎవరూ లేని పొడవాటి దారిలో మధ్యాహ్నం దాకా తొక్కింది.

ఇంటికొచ్చాక, ఎక్కడెక్కడ తిరిగిందో అడిగేవాళ్లు లేరు. సంచి పట్టీలు విప్పి, కుళాయి కింద దుమ్ము కడిగి, ఎండలో ఆరేసింది.