ప్రార్థన తీసేసిన పేజీ

చిక్కడపల్లిలో జగన్నాథరావు గారి డ్రెస్ కంపెనీ తెలియని నాటకాలవాళ్ళు ఒకప్పుడు లేరు. కిరీటాలు, గదలు, విగ్గులు, ఏది కావాలన్నా అద్దెకి అక్కడే. తొంభై తొమ్మిది వచ్చేసరికి అడిగే నాథుడు లేడు. డ్రెస్సుల పెట్టెలన్నీ కలిపి కొనేస్తానని అంబర్‌పేట్ టెంట్‌హౌస్ దుర్గయ్య అప్పుడే రెండుసార్లు వచ్చిపోయాడు. "దసరా దాకా ఆగండి నాన్నగారూ, ఇంటర్నెట్‌లో పెట్టాంగా, పార్టీలు వాళ్ళే వస్తారు" అని కొడుకు ఫణికిరణ్ పెద్ద మాటే అనేశాడు.

ఎవడొస్తాడు నా మొహం! రోజూ ఆఫీసయ్యాక ఒళ్ళీడ్చుకుంటూ నారాయణగూడ నెట్ సెంటర్‌కి పోవడం, నాటకం డ్రెస్సులని ఇంగ్లీషులో కొట్టి వెతకడం. ఎన్ని పేజీలు తిప్పినా తన వెబ్‌సైట్ జాడే లేదు. సెర్చ్ ఇంజన్లకి అడ్రసు మళ్ళీ మళ్ళీ పంపాడు. కళ్ళు మండటమే మిగిలింది.

ఒకరోజు విసుగెత్తి వినాయకుడి పేరు కొట్టాడు. ఖర్మ! గుళ్ళ వరసలో తమ డ్రెస్ కంపెనీ.

సెంటర్ చూసుకునే మనీష తొంగి చూసి పకపకా నవ్వింది. "అన్నా, మీ పేజీల సగం దాకా దేవుళ్ళే ఉన్నరు గదా! సెర్చ్ ఇంజన్ పైన ఉన్నదే ఎక్కువ చూస్తది. మీది గుడి అనుకుంటున్నది."

అది నాన్నగారి పట్టు. ప్రార్థన లేకుండా తెర లేస్తుందట్రా అని వినాయకుడి నుంచి ఇలవేల్పు దాకా అందర్నీ పేజీ మొదట్లో పెట్టించారు. కిరీటాల ఊసు ఎక్కడో అడుగున. ఇంటికెళ్ళి సంగతి చెప్తే ఆయన ఇంతెత్తున లేచారు. "ప్రార్థన తీసి బతికే బతుకైతే దుర్గయ్యకే ఇచ్చేస్తాను, పో!"

ఇచ్చేస్తారని ఫణికిరణ్‌కి తెలుసు. ఆ పెట్టెల మీద పడుకునే పెరిగాడు తను. మర్నాడు చెప్పకుండా ప్రార్థన మొత్తం చెరిపేసి, పైన కిరీటాలు పెట్టాడు. భయం వేసింది, చేసేశాడు.

కొన్ని వారాలకి వెతకగానే మొదటి పేజీలోనే కనబడ్డారు. దసరా ముందు బెంగుళూరు నుంచి ఫోను. కృష్ణుడి డ్రెస్సులు కావాలి, ఏడాది పొడుగునా. జగన్నాథరావు గారు అప్పటికప్పుడు దుర్గయ్యకి ఇవ్వనని కబురు పెట్టి, కిరీటం తీసి తుడవడం మొదలెట్టారు.

"ఏ సమాజం వాళ్ళురా? ఏం నాటకం?"

"నాటకం కాదు నాన్నగారూ. బట్టల షాపు. వేషం కట్టినవాడు గుమ్మం దగ్గర నిలబడి కాగితాలు పంచుతాడట."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. "ఇన్నాళ్ళూ దొరకనివాళ్ళం ఇప్పుడెలా దొరికాం? ప్రార్థన తీసేశావా?"

"తీసేశాను. మళ్ళీ పెట్టమంటే పెట్టేస్తాను."

"వద్దు. గుమ్మం దగ్గర కాగితాలు పంచడానికి ప్రార్థనెందుకురా."

పెట్టె ఇల్లు దాటేముందు హారతివ్వడం ఆయన అలవాటు. బెంగుళూరు పెట్టె కదిలిన రోజు కొడుకు కర్పూరం తెచ్చిస్తే అందుకోలేదు.