షంషాద్ బీ ఐదు కిలోల లాప్‌టాప్

కోయిలకుంట్లలో ఒకప్పుడు టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన షంషాద్ బీ దగ్గర 1989 నాటి లాప్‌టాప్ ఒకటుంది. బరువు ఐదు కిలోలు. హార్డ్ డిస్కు లేదు. ఒక ఫ్లాపీ పెడితే లేస్తుంది, రాసింది ఇంకో ఫ్లాపీలో దాచుకోవాలి. బ్యాటరీ పోయి ఇరవై ఏళ్లయినా కరెంటు మీద నడుస్తూనే ఉంది. ఊళ్లోవాళ్ల అర్జీలన్నీ ఆమె ఇప్పటికీ దాంట్లోనే కొడుతుంది.

ఆమె దగ్గర టైపు నేర్చుకున్న శివజ్యోతి ఇప్పుడు కర్నూల్లో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. పాత కంప్యూటర్ల ప్రదర్శన పెడుతున్నామని ఆ లాప్‌టాప్ అడిగింది. ఇస్తాను గానీ ఒంటరిగా పంపనని చెప్పి, షంషాద్ బీ దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

కాలేజీలో దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ముందర ‘పని చేయదు’ అని బోర్డు పెట్టారు. షంషాద్ బీ ఆ బోర్డు రెండుసార్లు చదివింది.

“పని చేయదని ఎవరు చెప్పినారమ్మా నీకు? నిన్న కూడా దీంట్లో అర్జీ కొట్టినా.”

మిగతావేవీ పని చేయవు కాబట్టి అన్నిటికీ ఒకటే బోర్డు రాయించామని శివజ్యోతి నసిగింది. షంషాద్ బీ పెట్టె తీయించి, వైరు తగిలించి, ఫ్లాపీ పెట్టింది. అది గరగరమని, కాసేపటికి లేచింది. పిల్లలు మూగారు. కంప్యూటరంటే గదిలో ఒక మూల కదలకుండా ఉండే వస్తువనుకునే రోజుల్లో, మడిచి చేతపట్టుకుని పోగలిగిన తొలితరం యంత్రం ఇదని శివజ్యోతి వాళ్లకు వివరించింది. ఒకమ్మాయి తెర మీద వేలుపెట్టి పైకి తోసింది. తెర కదల్లేదు.

అంతలో ప్రిన్సిపాల్ దేవేంద్రప్ప కంగారుగా వచ్చాడు. ఆయన ప్రసంగమంతా కొత్త లాప్‌టాప్‌లో ఉంది. అదేమో అరగంట నుంచి అప్‌డేట్ అవుతూ ముప్పై ఏడు శాతం దగ్గర ఆగిపోయింది. హాలు నిండిపోయింది. ఎదురుగా రాసింది లేందే వేదిక మీద ఆయనకు మాట మొదలు కాదు. మొదలుపెడితే గంటకు తక్కువ ఆపడు.

“మీరు చెప్పండి సార్, నేను కొడతా,” అంది షంషాద్ బీ.

ఆయన చెబుతుంటే తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టేసింది. ఫ్లాపీలో దాచి, యంత్రాన్ని వేదిక మీదికి మోయించి, మళ్లీ లేపింది. తెర చిన్నది కాబట్టి కిందికి జరపడానికి తానే పక్కన నిలబడింది.

రెండో పేరాలో దేవేంద్రప్ప చదవడం ఆపి తన హాస్టల్ రోజుల్లోకి వెళ్లిపోయాడు. షంషాద్ బీ కాసేపు చూసి మీట నొక్కింది. ఆ పేరా పైకి జరిగిపోయి తర్వాతది వచ్చింది. ఆయన తడబడి, తెర మీద కనిపించింది చదివాడు. తర్వాత ఢిల్లీ ప్రయాణం ఎత్తుకున్నాడు. ఆమె మళ్లీ నొక్కింది.

“కొంచెం ఆగమ్మా,” అన్నాడు మెల్లగా.

“టైమయింది సార్,” అంది, పరీక్షలో పిల్లలకు చెప్పినట్టే.

పన్నెండు నిమిషాల్లో ఆయన ధన్యవాదాల దగ్గరికొచ్చేశాడు. లెక్చరర్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దేవేంద్రప్పకు కళ్లు చెమర్చాయి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో తన మాట జనానికి ఇంతగా ఎక్కింది లేదు.

కిందికి దిగి శివజ్యోతిని పిలిచాడు. “కాలేజీ డేకి ఈ అమ్మను, ఈ మిషన్‌ను తప్పకుండా పిలిపించు. దీంట్లో చూసి చదివితే మాటకు శానా బలం వస్తాండాది.”

షంషాద్ బీ సరేనంది. ఆయన మనసు మార్చుకోకముందే లెక్చరర్లలో ఎవరో వెళ్లి ఆఫీసు క్యాలెండర్‌లో ఆమె పేరు రాసేశారు.