పద్నాలుగు పేజీల కోట

మా డిపోలో నూట పన్నెండు బస్సులున్నాయి. ఏది ఎన్ని గంటలకు గేటు దాటాలో, ఏ స్టాపులో ఎన్ని నిమిషాలు ఆగాలో రాసేది నేనే. పదహారేళ్లుగా అదే పని. దాంతో నాకో జబ్బు పట్టుకుంది. నేను గీసిన దారి వదిలి ఎవడైనా పక్కకు తిరిగాడంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇది ముందే చెప్పేస్తున్నాను. నన్ను నేను వెనకేసుకురావడానికి కాదు, అంత మొహం నాకు లేదు.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఒక ఆట ఆడతాం. భోజనాల బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు, పాచికలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుని, ఆ కథలో తామేం చేస్తారో చెప్తారు. చేయగలిగారా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎంత పెద్ద అంకె పడితే అంత మంచిది. కథ నడిపేవాణ్ణి మాస్టర్ అంటారు, మా ఇంట్లో అది నేను. నా ముందు ఒక అట్ట అడ్డంగా నిలబెట్టుకుంటాను. దాని వెనక నా నోటుబుక్కు ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చే పనులకు పాచిక వేసేది కూడా నేనే, ఆ అట్ట వెనకే. ఎంత పడిందో నేను చెప్పాలి, వాళ్లు నమ్మాలి. మొదటినుంచీ మా పద్ధతి అది.

ఆడేవాళ్లు ముగ్గురు. మా పిన్ని ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైంది, ఆటలో దొంగ. "బతుకంతా కత్తెరలు లెక్కపెట్టి అప్పజెప్పాను, ఇప్పుడైనా నాలుగు వస్తువులు కొట్టెయ్యనివ్వండ్రా" అంటుంది. రెండోవాడు మా డిపో డ్రైవరు. గొంతు చూసి అందరం హారన్ అంటాం, ఆటలో కత్తి వీరుడు. మూడోది మా చెల్లెలు, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఆటలో వైద్యురాలు.

చెల్లెలి సంగతి కొంచెం చెప్పాలి. ఎనిమిదేళ్ల కాపురంలో దాని చెప్పుల రంగు కూడా ఆయనగారే ఎంచేవాడు. విడాకులై ఏడాది అయింది, అప్పట్నుంచి నా దగ్గరే ఉంటోంది. ఆటలో కూర్చోబెట్టిన మొదట్లో, "ఏం చేస్తావ్?" అని అడిగితే పెన్సిలు కొరుక్కుంటూ, "అన్నయ్యా, నేనేం చెయ్యాలి?" అని నన్నే అడిగేది. ప్రాణం ఉసూరుమనేది.

ఆ మధ్య ఒక వారం దానికొక ఉత్తరం వచ్చింది. ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రిలో ల్యాబు మొత్తానికి ఇన్‌ఛార్జి ఉద్యోగం. సోమవారం సాయంత్రం అయిదింటిలోగా ఏ సంగతో చెప్పాలి. నేను నోటితో "నీ ఇష్టం" అన్నాను. చేత్తో మాత్రం వెనక గదికి రంగు వేయించి, దాని పుస్తకాలకు అరలు కొట్టించాను. ఒంటరిగా అంత దూరం ఎందుకు, ఇక్కడేం తక్కువైంది అని నా ఏడుపు.

ఇక ఆ ఆదివారం. మూడు వారాలు కూర్చుని ఒక కోట తయారుచేశాను. పద్నాలుగు పేజీలు. ఏ కాపలావాడు ఎన్ని గంటలకు డ్యూటీ మారతాడో, వంటగది తలుపు ఎటు తెరుచుకుంటుందో, నేలమాళిగలో ఎన్ని మెట్లున్నాయో, అన్నీ. ముగ్గురూ కోట గుమ్మం దాకా వచ్చారు. చెల్లెలు పెన్సిలు కింద పెట్టింది.

"నేను లోపలికి రాను" అంది.

"అంటే?"

"రేవులో ఒక పడవ ఉందన్నావు కదా అన్నయ్యా. అది తీసుకుని నది దిగువకి పోతాను. నేనొక్కదాన్నే. అక్కడేముందో చూడాలనుంది."

హారన్ బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. "అద్దీ! డాక్టరమ్మ మనల్ని నట్టేట్లో ముంచి తాను మాత్రం పడవెక్కేస్తోందండోయ్!"

"నువ్వూరుకో. పోనీరా దాన్ని," అని పిన్ని నావైపు తిరిగింది. "ఇన్నాళ్లకి నోరు తెరిచి ఇది చేస్తాను అంది."

ఆ పడవ నేను ఊరికే శోభ కోసం రాసిన ఒక్క ముక్క. దిగువన ఏముందో నాకే తెలియదు, ఖాళీ కాగితం. "ప్రవాహం జోరు మీదుంది, ప్రమాదం" అని అట్ట వెనక పాచిక వేశాను. పద్దెనిమిది పడింది. హాయిగా వెళ్లిపోవచ్చు.

నా పద్నాలుగు పేజీల వంక చూసుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా.

"మూడు" అన్నాను. పడవ బండకు కొట్టుకుని ముక్కలైందని, వైద్యురాలు ఈదుకుంటూ మళ్లీ కోట గుమ్మం దగ్గరే తేలిందని తడుముకోకుండా చెప్పాను. చెల్లెలు నన్నొక క్షణం చూసింది. తన కాగితం మీద రాసుకున్న 'పడవ' అనే మాటను రబ్బరుతో నెమ్మదిగా చెరిపేసింది. "సరేలే, పదండి" అంది. తర్వాత మూడు గంటలు కోట బ్రహ్మాండంగా నడిచింది. హారన్ ఈలలు వేశాడు. నేను సిగ్గులేకుండా ఆ మెచ్చుకోళ్లు పుచ్చుకున్నాను.

సోమవారం పొద్దున టీ కప్పు నా ముందు పెడుతూ అంది, "ఆసుపత్రికి ఫోన్ చేసి రానని చెప్పేశాను."

"అదేమిటి?"

"ఒక్కదాన్నే అంత దూరం ఏం పోతానన్నయ్యా! నావల్ల కాదని నిన్న తేలిపోలేదూ!" అని నవ్వింది.

పడింది పద్దెనిమిదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అది ఉండిపోతోందన్న వెధవ సంతోషం కూడా నాలో ఓ మూల తగలడింది, అదీ అబద్ధమాడను. డిపోకి వెళ్లి రెండు బస్సుల్ని ఒకే నిమిషానికి ఒకే ప్లాట్‌ఫారం మీదికి రాసి, మేనేజరు చేత చివాట్లు తిన్నాను. మూడున్నరకు ఇక కూర్చోలేక సెలవడిగి ఇంటికొచ్చేశాను.

అది తన తెల్ల కోటు ఇస్త్రీ చేస్తోంది. చెప్పులు కూడా విడవకుండా చెప్పేశాను. "నిన్న పడింది మూడు కాదమ్మా. పద్దెనిమిది. నా కోట కోసం అబద్ధం చెప్పాను."

"తెలుసు" అంది, ఇస్త్రీ ఆపకుండా.

"తెలుసా?"

"నీ వెనక బీరువాకి అద్దం తలుపులు కదా. అందులో కనపడింది. తిరగబడి కనపడింది గానీ పద్దెనిమిదే."

"మరి అడగవేం? నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యకపోయావా!"

"మూడు వారాలు కూర్చుని రాసుకున్నావు. పాడుచెయ్యడం ఎందుకనిపించింది." ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "గదికీ రంగు వేయించావు. ఇప్పుడు పోతానంటే నీ మనసు కష్టపడదూ?"

ఎనిమిదేళ్లు ఆ ఇంట్లో ఇలాగే సర్దుకుని ఉంటుంది. ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు ఆ తిట్లన్నీ నాకు అతికినట్టు సరిపోయాయి.

"ముందు నువ్వు ఫోన్ చెయ్యి. ఇంకా అయిదు కాలేదు. వస్తానని చెప్పు. పొద్దున ఆరింటి బస్సెక్కితే పన్నెండుకల్లా దిగుతావు, అక్కణ్ణుంచి..."

మాట మధ్యలో నాకే వినపడింది. దాని ప్రయాణానికి కూడా టైం టేబుల్ వేసేస్తున్నాను. నోరు మూసుకున్నాను.

అది గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. "నేను వద్దనగానే జాబితాలో తర్వాతామెని పిలిచారట. ఆవిడ మధ్యాహ్నమే సరేనందట" అని చెప్పి, కోటు రెండో చెయ్యి పరిచి ఇస్త్రీ మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి ఓదార్పు కూడానా!

తర్వాతి ఆదివారం అట్ట తీసి అటక మీద పడేశాను. నోటుబుక్కు తేలేదు. పిన్నికీ హారన్‌కీ నేను చేసిన పని చెప్పాను. పిన్ని చాలాసేపు నా మొహం చూడలేదు. ఇకనుంచి పాచిక బల్ల నడిమధ్యన, అందరి కళ్లముందూ పడుతుందని, ఎవరి దారి వాళ్లదని, నేను వెంట నడుస్తానని చెప్పి, చెల్లెలి వైపు తిరిగాను.

"తెల్లవారింది. నువ్వు ఒడ్డున నిలబడ్డావు. కట్టేసిన కొత్త పడవ ఒకటి ఉంది, వెనక కోట ఉంది, కొండల్లోకి బాట ఉంది. ఏం చేస్తావ్?"

అది నా చేతులకేసి చూసింది, బల్ల కింద నోటుబుక్కు ఉందేమోనని వంగి కూడా చూసింది.

"నిజంగా ఏమీ రాయలేదమ్మా. ఒట్టు."

"ఊరుకో అన్నయ్యా, నువ్వు రాసుకోకుండా ఉంటావా?" అంది, నన్ను ఇబ్బంది పెట్టకూడదన్నట్టు మెత్తగా. "ఎటు వెళ్లమంటావో చెప్పు. అటే వెళ్తాను."