బియ్యం డబ్బాలో చార్జర్

నేను ఒక చార్జర్‌ని. ఫోన్‌తో కలిసి అట్టపెట్టెలో వచ్చే భాగ్యం నాకు లేదు. ఎక్కడ తయారయ్యానో ఒంటిమీది అక్షరాలు చెప్పేవి, అవీ అరిగిపోయాయి. గుంటూరు బస్టాండు దగ్గర ఒక కొట్లో కొక్కేనికి వేలాడుతుంటే మల్లేశ్వరి నన్ను కొనుక్కుని ఇంటికి తెచ్చింది. ఆ ఇంట్లో నా పని దాక్కోవడమేనని అప్పుడు తెలియదు.

మల్లేశ్వరి బట్టల షాపులో పనిచేస్తుంది. భర్త లారీ డ్రైవరు, పది రోజులకోసారి వస్తాడు. కూతురు జోషితకు పదకొండేళ్లు. వేసవి సెలవులు, కొత్తగా దిగిన అద్దె ఇల్లు, వీధిలో ఇంకా ఎవరూ నేస్తాలు కాలేదు. అన్నం తిన్నదో లేదో కనుక్కోవడానికని తల్లి తన పాత ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లేది. అందులో ఒక ఆట ఉంది. జోషిత ఆడించే బొమ్మ ఒక్క రాయి దూకితే చాలు, చప్పట్లే, గంటలే, నక్షత్రాలే! 'పనిలో ఉన్నాను, తర్వాత చెబుదువులే' అని ఆ ఆట ఒక్కనాడూ అనలేదు. పిల్ల అతుక్కుపోయిందంటే పోదూ మరి!

ఆ ఫోన్ బ్యాటరీ రెండు గంటలకే చతికిలబడుతుంది. నేను దొరక్కపోతే ఆట అంతటితో ఆగుతుందని మల్లేశ్వరి షాపుకు వెళ్తూ నన్ను దాచడం మొదలుపెట్టింది. దాచేదీ ఆవిడే, మధ్యాహ్నం ఫోన్ కలవక హడలిపోయి ఇంటికి పరుగెత్తుకొచ్చేదీ ఆవిడే. పెద్దవాళ్ల తెలివి అలాగే ఉంటుంది.

దిండు గలీబులో ఒకరోజు, పోపుల డబ్బా వెనక ఒకరోజు, చీరల మడతల్లో ఒకరోజు. నాకు కుదురు లేదు, జోషితకూ లేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. కానీ నేను దొరికినప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి! ఆటలో గెలిచినప్పుడు కూడా అంత వెలిగేది కాదు.

ఒక ఆదివారం మల్లేశ్వరి ఇంట్లో ఉండగానే జోషిత బియ్యం డబ్బాలో చెయ్యి మోచేతి దాకా ముంచి నన్ను పైకి లాగింది.

"ఎట్టా కనిపెట్టావే?"

"మూత వంకరగా పెట్టావమ్మా. రేపు ఇంకా కష్టమైన చోట పెట్టు, చూద్దాం!"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నన్ను గచ్చుమీద పడేసి పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు. ఫోన్ సంగతి సాయంత్రం దాకా జోషితకు గుర్తే రాలేదు. దాచే మనిషి కోసమే పిల్ల ఇంత వెతుకుతోందని నాకు అప్పుడు తెలిసింది. ఆ ముక్క మల్లేశ్వరికి చెప్పడానికి నాకు నోరు లేదే అని ఎంత కొట్టుకున్నానో!

సోమవారం జోషిత లేచేసరికి తల్లి వెళ్లిపోయింది. పిల్ల దిండు తడిమింది, అటక చూసింది, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా కలిపింది. చివరికి తలెత్తి గోడవైపు చూసింది. నేను ప్లగ్గులోనే వేలాడుతున్నాను. అంతలో ఫోన్ మోగింది.

"అమ్మా, ఇయ్యాల చార్జర్ దాయలేదేంటి?"

"నా వల్ల కాదు తల్లీ. ఎక్కడ పెట్టినా తీస్తున్నావు. నీ ఇష్టం, ఆడుకో."

జోషిత చేతికంటిన బియ్యం పిండి గౌనుకు తుడుచుకుంది. నన్ను ఫోన్‌కు తగిలించి గోడకు ఆనుకుని కూర్చుంది. చప్పట్లు మొదలయ్యాయి.

ఆ తర్వాత నన్ను ఎవరూ దాయలేదు. ఇప్పటికీ ఆ గోడకే ఉన్నాను.