తొమ్మిదో లైను

కోడలికి పొద్దున్నుంచీ కాలూ చెయ్యీ ఆడటం లేదు. అత్తగారి కుట్టు దుకాణంలోకి కొత్త ఎంబ్రాయిడరీ మిషను వచ్చి రెండు రోజులైంది గానీ, దాని సూది ఒక్కసారైనా కదల్లేదు. పాత మిషను విండోస్ కంప్యూటరుతో నడుస్తుంది, కొత్తది లినక్స్‌తో. రెండింటికీ తను సీ భాషలో రాసిన ప్రోగ్రాం ఒక్కటే చాలునని గొప్పగా మాటిచ్చింది కోడలే. పన్నెండింటికి ఫుట్‌బాల్ కోచ్ నమూనా చూడటానికి వస్తాడు. నచ్చితే జట్టు బ్యాడ్జీలన్నీ వీళ్ళవి, లేదంటే ఎదురు దుకాణం వాళ్ళవి.

పదకొండయింది.

"ఏమంటోందే నీ కంప్యూటరు?" అంది అత్త, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకునే.

"విండోస్ హెడర్ ఫైలు, అదే ప్రోగ్రాం ముందుగా తెచ్చుకునే వివరాల పట్టీ, దొరకలేదంటోంది అత్తయ్యా. ఇక్కడ అదెలా ఉంటుంది? అందుకేగా షరతు పెట్టాను! కొత్త మిషనైతే లినక్స్ హెడర్ తెచ్చుకో, కాకపోతే విండోస్‌ది తెచ్చుకో అని. అయినా వినదు!"

"అది కొత్త మిషనని దానికెవరు చెప్పారు?"

"నేనే. ఇక్కడి సెట్టింగుల ఫైల్లో రాశాను."

"ఆ ఫైలు ఎప్పుడు చదువుతుంది?"

"పైనుంచి కిందికి వరసగా చదువుకుంటూ పోతుంది. షరతు మూడో లైను. సెట్టింగుల ఫైలు తెమ్మన్నది..." తెర మీద జారుతున్న కోడలి వేలు ఆగిపోయింది. "తొమ్మిదో లైను."

అత్త గుండుసూదులు చేతిలోకి తీసుకుని మరీ నవ్వింది. "కొలతలు చూడకుండా గుడ్డ కత్తిరించమన్నావన్నమాట! నా దగ్గర పని నేర్చుకునే పిల్లవైతే ఈపాటికి నెత్తిన మొట్టేదాన్ని."

"తర్వాత మొట్టుదురు గానీ, ఉండండి!"

పాత మిషను దగ్గర ఈ తప్పు బయటపడే వీలే లేదు. ఏ మిషనో తెలియకపోయినా అది తెచ్చుకునేది విండోస్ హెడరే, అక్కడ కావలసిందీ అదే మరి. కోడలు తొమ్మిదో లైనును ఎత్తి అన్నిటికంటే పైన పెట్టి, ప్రోగ్రాంను మళ్ళీ కంపైల్ చేసి కంప్యూటరు భాషలోకి మార్చింది. కంప్యూటరు ఈసారి కిక్కురుమనలేదు. సూది టకటకా దిగింది. గుడ్డ మీద జట్టు గుర్తయిన కోడిపుంజు తోక మొలిచింది, తర్వాత కాళ్ళు, తర్వాత పొగరుగా ఒక తల.

"పాతదాన్నీ నడిపించు, అది అలిగిందేమో!" అంది అత్త.

అదీ కుట్టింది.

కోచ్ వచ్చి రెండు పుంజుల్నీ అరచేతిలో పెట్టుకుని, తిరగేసి, బోర్లేసి చూశాడు. "ఇందులో కొత్త మిషనుది ఏదమ్మా?"

అత్త కోడలి వంక చూసింది. కోడలు అత్త వంక చూసింది. ఇద్దరికీ తెలియలేదు.

"మాకే తెలియడం లేదు బాబూ!" అని అత్త పగలబడి నవ్వింది.

"అయితే రెండూ నావే," అని కోచ్ వాటిని జేబులో వేసుకున్నాడు. "ఆదివారానికి ఇంకో అరవై కావాలి."