ఇంకా రెండు కిలోలు

బంతికి ఆ పేరు పెట్టింది అక్క. చిన్నప్పుడు గుండ్రంగా ఉండేదని పెట్టింది. పెద్దయ్యాక కూడా ఆ పేరుకు ఏ లోటూ రానివ్వలేదు మన బంతి. నలభై ఏళ్ళొచ్చేదాకా తన బరువు సంగతి పట్టించుకున్న పాపాన పోలేదు. పట్టించుకోవలసి వచ్చింది అక్క కిడ్నీలు రెండూ చేతులెత్తేశాకే. పరీక్షలన్నీ చేసి, చెల్లెలి కిడ్నీ అక్కకు చక్కగా సరిపోతుందన్నారు. ఆ వెంటనే డాక్టరు కాగితంలోంచి తలెత్తి, చెల్లెలు డెబ్బై ఎనిమిది కిలోలకు దిగితేనే ఆపరేషన్ అన్నాడు. అప్పటికి బంతి ఎనభై ఏడు.

అక్క ప్రాణానికి అడ్డం పడింది తన ఒళ్ళేనన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా బంతికి తన మీద తనకే మండిపోయేది.

ఆమె పనిచేసేది పార్సిల్ ఆఫీసులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ మూటలన్నీ తూచి చీటీలు అంటించడమే పని. పొద్దున షట్టరు ఎత్తగానే చెప్పులు విడిచి, చేతి గడియారం కూడా తీసి పక్కన పెట్టి, పెద్ద కాటా ఎక్కేది. అంకె చూడాలంటే భయం. అందుకని కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కి, ఊపిరి బిగబట్టి, కాసేపటికి ఒక్క కన్ను తెరిచేది. ఏ అంకె వచ్చినా అక్కకు ఫోను చేసి చెప్పాల్సిందే. అక్క "ఊ" అనేది, అంతే.

రోజూ చూసుకోవద్దమ్మా అని ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే మేడం నెత్తీ నోరూ కొట్టుకుంది. వారానికోసారి, అదే రోజు, అదే వేళకు చూసుకుంటే చాలట. ఉప్పు కాస్త ఎక్కువైనా, రాత్రి నిద్ర చాలకపోయినా అంకె అటూ ఇటూ ఊగుతుందట, దాన్ని పట్టుకుని బెంగపడకూడదట. బంతి బుద్ధిగా తలూపి వచ్చి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ కాటా ఎక్కింది. వారం ఆగడానికి ఆమె ఏమన్నా కొత్త చీర కోసం చిక్కుతోందా? మూడు వందల గ్రాములు పెరిగిన ఒకనాడు మధ్యాహ్నం తిండి మానేసి, మూటల మధ్య కళ్ళు తిరిగి కూలబడింది కూడా. అది తెలిసి అక్క కసిరింది. ఇక రోజూ చూసుకోవద్దంది. చూసుకున్నా తనకు చెప్పొద్దంది. బంతి వింటేగా!

అక్కకూ తూకం బాధ తప్పలేదు. ఆటల టీచరుగా ఇరవై ఏళ్ళు పిల్లల వెంట పరుగెత్తి, కుళాయి కింద దోసిలి పట్టి గటగటా తాగిన మనిషి. ఇప్పుడు రోజుకు మూడు చిన్న గ్లాసులే, మందులు వేసుకునే నీళ్ళతో కలిపి. అంతకు మించి తాగితే ఆ నీరు బయటికి పోయే దారి లేదు. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో తూచి, ఒంట్లో చేరిన నీటినంతా మిషనుతో లాగేస్తారు. సాయంత్రాలు బంతి వెళ్ళేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని, పక్కింటావిడ మొక్కలకు నీళ్ళు పోయడం చూస్తూ ఉండేది. ఆవిడ గొట్టం చుట్టి లోపలికి వెళ్ళిపోయాక కూడా ఆ తడి మట్టినే చూస్తూ ఉండేది.

నాలుగు నెలలకు బంతి ఎనభైకి దిగింది. అక్కడ అంకె మొండికేసింది. రెండు వారాలు కడుపు మాడ్చుకున్నా కదల్లేదు. ఆ తర్వాత ఒక సోమవారం కన్ను తెరిస్తే డెబ్బై ఏడు కిలోల తొమ్మిది వందలు. బంతికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫోను చేసి అయిపోయిందక్కా అంది.

"నిజంగానా?" అంది అక్క, చిన్నపిల్లలాగా.

మర్నాడు చూస్తే ఎనభై కిలోల రెండు వందలు. దిగి మళ్ళీ ఎక్కినా అంతే. ఆమె కంగారు చూసి లోడింగ్ మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. నిన్న తాను ముందే వచ్చి ఇనపబుట్టలో సరుకు తూచాడట. రెండు కిలోల చిల్లర ఉండే ఆ బుట్ట బరువు పోను చూపించేలా కాటాను సర్ది, దాన్ని మళ్ళీ సున్నాకు తేవడం మరిచి టీకి వెళ్ళాడట. తిరిగొచ్చాక సరిచేశాడు గానీ అప్పటికే బంతి ఎక్కి దిగింది. ఖాళీ కాటా మీద సున్నా చూసుకోకుండా ఎవరైనా తూస్తారా? కొత్తగా చేరినవాళ్ళకు పదిహేనేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నది ఈ మహాతల్లే!

బంతి మధ్యాహ్నం సెలవు పెట్టి ఆసుపత్రికి పరుగెత్తింది. ఆ రోజు అక్కకు మిషను ఎక్కించే రోజు. వెళ్ళేసరికి అక్క కాటా మీద ఉంది, నర్సు చివాట్లు పెడుతోంది. ఎప్పుడూ రెండు కిలోలు దాటని నీరు మూడున్నర చేరిందట. అక్క పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. అయినా నవ్వుతోంది.

"నిన్న కూజాడు నీళ్ళు తాగేశానే బంతీ. చల్లటివి. ఇంకెంత, కొద్దిరోజులే కదా అనుకున్నా."

చెప్పకుండా ఉంటే ఈవిడ రేపు ఇంకో కూజా తాగుతుంది. "అక్కా, నిన్న నేనే సరిగ్గా చూసుకోలేదు. ఇంకా రెండు కిలోలుంది," అంది.

నవ్వు వెంటనే పోలేదు అక్క ముఖం మీద నుంచి. మెల్లగా పోయింది. మంచం మీద పడుకుని, నర్సు సూది గుచ్చుతుంటే ముఖం అటు తిప్పుకుని అంది.

"అందుకే చెప్పొద్దన్నాను. పొద్దున్నే ఒక అంకె చెప్పి నువ్వు నీ పనిలో పడతావు. రోజంతా దాన్నే పట్టుకుని ఆశపడేది నేను. దాహమైనా ఓర్చుకుంటానే. ఇది ఓర్చుకోవడం నా వల్ల కావడం లేదు."

బంతి ఏడ్చింది. ఇక నుంచి వారానికోసారి, మేడం ముందే చూసుకుంటానని, డెబ్బై ఎనిమిదికి దిగేదాకా అంకె నోట రానివ్వనని అక్క చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుంది.

మర్నాడు షట్టరు ఎత్తగానే, ఎక్కబుద్ధి కాకుండా కాటా మీద పెద్ద మూట పెట్టేసింది. చీటీలు సర్దుతూ కూర్చుంది. ఎనిమిది దాటాక ఫోను మోగింది. ఇన్ని నెలల్లో అక్క తనంతట తాను ఆ వేళకు చేయడం అదే మొదలు. బంతి ఎత్తింది.

"చూసుకున్నావా?" అంది అక్క.

"లేదక్కా. వద్దన్నావుగా."

"అన్నాను. ఒక్కసారి చూసి చెప్పవే."